తొలిసారి హైదరాబాదు చూడవచ్చు వారికి

ప్రతి వేసవియందును, దసరా సంక్రాంతి సెలవులయందును తెలుగు జిల్లాలనుండి వేలకొలది కుటుంబములు హైదరాబాదు నగరమునకు వచ్చుచున్నవి. కొందఱు వైద్యమునకు, కొందఱు న్యాయస్థానపు వ్యవహారములకు, కొందఱు బిడ్డల చదువులకు వచ్చి, పని ముగిసిన పిమ్మట మిగిలిన యొక పూటలో నగరమును చూచి పోవుదురు. ఆ పూటలో జరుగునదేమి? బాడుగ కారులో వచ్చి చార్మినారు ముందు దిగి యొక ఛాయాచిత్రము తీయించుకొనుట. లాడ్‌బజారులో గాజులకు బేరమాడుట. ఏదేని హోటలులో బిర్యానీ భుజించుట. చీకటి పడువేళకు హుస్సేనుసాగరు గట్టున గాలి పీల్చుట. ఇంటికేగి “హైదరాబాదు చూచితిమి, జనసమ్మర్దము తప్ప నందేమియు లేదు” అని యిరుగుపొరుగువారితో చెప్పుట. ఇట్లు చూచినవారు నగరమును చూడలేదనియే మా యభిప్రాయము. నగరవాసులమగు మేము ఇట్టి యతిథులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. అవి వారి సౌఖ్యమునకు మాత్రమే యుద్దేశింపబడినవి కావు. ఈ నగరముయొక్క క్షేమము సయితము వారి నడవడిపై కొంత యాధారపడియున్నది.

ఈ మాట లిప్పుడు చెప్పుటకు వేఱొక కారణము గలదు. 1956 నవంబరు 1వ తేదీనుండి 2014 జూన్ 2వ తేదీ వఱకు ఈ నగరము తెలుగువారి యేకరాష్ట్రమునకు రాజధానిగ నుండెను. ఆ పిమ్మట పదియేండ్లు చట్టరీత్యా రెండు రాష్ట్రములకు నుమ్మడి రాజధాని. ఆ గడువు 2024 జూన్ 2వ తేదీతో తీరినది. కృష్ణా గోదావరీ మండలములనుండియు, రాయలసీమనుండియు వచ్చు సోదరులు నేడు అతిథులు. అతిథికి హక్కులు కొన్ని తగ్గినను గౌరవము తగ్గదు. అయితే ఆ గౌరవము నిలుపుకొనవలెనన్న నింటివారిని ఇంటివారుగ గుర్తింపవలయును. పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాదు జిల్లాలనుండి వచ్చు తెలంగాణ సోదరులకును పాతనగరము పరాయిచోటుగనే తోచుట మేమెఱుగని విషయము కాదు. కావున మా మనవి యందఱికిని.

మొదటి మాట కాలమును గూర్చినది. ఈ నగరమునకు రెండు నిండు దినములైన నియ్యవలయును. కార్తీకము మొదలు మాఘము వఱకు నెండ మెత్తగ నుండును గావున నా నెలలు మేలు. శుక్రవారమునాడు సాలార్జంగు మ్యూజియమునకును చౌమహల్లా ప్రాసాదమునకును సెలవు. మక్కామసీదులో నాడు మధ్యాహ్నము సామూహిక ప్రార్థన జరుగును. ఈ సంగతి తెలియక శుక్రవారమునాడే బయలుదేరి తలుపులు చూచి తిరిగిపోవు కుటుంబములు తక్కువ కావు. ఉదయము ఏడుగంటలకే పాతనగరము చేరుడు. అంగళ్లు తెఱవక ముందు వీధులు వీధులుగ కనబడును. పదునొకండు గంటల తరువాత నవి జనప్రవాహములగును. కారును విడిచిపెట్టుడు. మెట్రోరైలు మహాత్మాగాంధి బస్సుస్టేషను వఱకు మిమ్ము చేర్చును. అచ్చటినుండి కాలినడకయే యుత్తమము. ఆటో నెక్కినచో ముందుగ కిరాయి మాటలాడుకొనుట మంచిది. మెత్తని చెప్పులు, నీళ్లసీసా, కొంచెము ఓర్పు — ఈ మూడును చాలును.

రెండవ మాట: యాత్రను చార్మినారుతో నారంభింపకుడు, మూసీనదితో నారంభింపుడు. నేడా నదిని చూచి ముక్కు మూసికొనువారే కాని యాగి యాలోచించువారు కనబడరు. ఈ నగరము పుట్టుకకు కారణము ఆ నది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా గోలకొండకును ఆవలిగట్టునకును నడుమ కట్టించిన పురానాపూలు నేటికిని నిలిచియున్నది. నగరముకన్న వంతెనయే పెద్దది. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఇదే నది యుప్పొంగి పదునైదువేలమంది ప్రాణములు తీసినదని యంచనా. అఫ్జల్‌గంజులో ఉస్మానియా ఆసుపత్రి యావరణయందు నేటికిని నిలిచియున్న చింతచెట్టు నెక్కి నాడు నూటయేబదిమంది దాక బ్రతికి బయటపడిరి. ఆ చెట్టు నీడను ఒక్క నిమిషము నిలువని యాత్రికుడు ఈ యూరి దుఃఖమును తాకలేదని చెప్పవచ్చును. ఆ ప్రళయము పిమ్మట 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు పిలిపింపబడిరి. వారి యాలోచనను బట్టి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మింపబడినవి. వరదను ఆపిన యాజలాశయములే నగరమునకు త్రాగునీరు నిచ్చినవి. నయాపూలుపై నిలువబడి చూచినచో దక్షిణపుగట్టున 1920లో ప్రారంభింపబడిన హైకోర్టు భవనమును, ఉత్తరపుగట్టున ఆసుపత్రియు నెదురెదురుగ కనబడును. ఒకటి న్యాయమునకు, ఒకటి ఆరోగ్యమునకు. వరద తీసిన గాయముమీద నాటి తరమువారు కట్టినవి యివి. నేటి తరమువారు ఆ నదిలో కలుపుచున్న దేమియో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నదిని దాటి దక్షిణముగ నడచిన చార్మినారు మైలునకు మించి దూరముండదు. పత్తర్‌గట్టి రాతికమానుల క్రిందుగ పోవుచు ముందుగ చార్‌కమానులను, వాని నడుమ గుల్జారుహౌజు అను నీటికొలనిని చూడుడు. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ నగరమును నిర్మించినపుడు నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గములు తీసి నడుమ చార్మినారును నిలిపెను. కావున చార్మినారు ఒంటరిగ నిలిచిన కట్టడము కాదు. ఒక పట్టణప్రణాళికకు నాభి. ఆ నాలుగు మార్గములను నాలుగువైపుల నిలిచి చూడక, గోపురములను మాత్రము చూచి పోవుట పుస్తకపు అట్టను చూచి పుస్తకము చదివితిమనుట వంటిది. పైయంతస్తున నొక మసీదు గలదన్న సంగతి క్రింద గాజులు కొనువారిలో ననేకులెఱుగరు. నాలుగువైపుల గడియారములు 1889లో నమర్పబడినవి. ప్రక్కనున్న మక్కామసీదునకు 1617లో మహమ్మదు కుతుబ్‌షా పునాది వేయింపగా, 1694లో, అనగా కుతుబ్‌షాహీలను కూలద్రోసిన ఔరంగజేబు కాలమున పని ముగిసెను. కట్టదొడగినవా రొకరు, ముగించినవారు వారి శత్రువు. రాజ్యములు పోవును, రాళ్లు నిలుచునని చెప్పుట కింతకన్న నిదర్శనము వలదు.

మూడవ మాట గోలకొండను గూర్చినది. అచ్చటికి పోయినవారిలో పలువురు ఫతేదర్వాజా క్రింద చప్పట్లు కొట్టి యా ధ్వని బాలాహిస్సారుపైకి వినబడునా యని పరీక్షించి, మెట్లెక్కి దిగి, యింటికి పోవుదురు. చప్పట్లు కొట్టవలదని మేమనము. అది చతురులగు శిల్పులు కోటరక్షణకై చేసిన యేర్పాటు. కాని తెలుగువాడు ఆ కోటలో వెదకవలసినది తన పూర్వుల యడుగుజాడలు. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని తెలుగుచేసికొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమొసగెను. అచ్చతెనుగులో తొలికావ్యమగు పొన్నికంటి తెలగన యయాతిచరిత్రమును అమీన్‌ఖాను కృతినందెను. తానాషా కొలువున అక్కన్న మాదన్నలు మంత్రిత్వము నెఱపిరి. భద్రాచల రామాలయమునకై సర్కారు ధనమును వెచ్చించిన కంచెర్ల గోపన్న చెఱసాల యిదియే యని నేటికిని చూపుదురు. ఒకే ప్రభుత్వము తెలుగుకవిని సత్కరించినది, తెలుగు తహసీలుదారుని చెఱపెట్టినది. ఈ రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచువాడు ఏ పక్షమువాడైనను చరిత్రకు ద్రోహియే. 1686లో అక్కన్న మాదన్నలు హత్య చేయబడిరి. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట కోట మొగలుల వశమయ్యెను. సమీపమునందలి కుతుబ్‌షాహీ సమాధులను చూడక తిరిగిపోకుడు. 2013 మొదలు ఆగాఖాను సాంస్కృతిక ధర్మసంస్థ, ప్రభుత్వమును కలసి చేసిన జీర్ణోద్ధారణమున, పాడుబడిన గుమ్మటములు మరల తలయెత్తినవి. శ్రద్ధయున్నచో నేమి సాధింపవచ్చునో తెలిసికొనుటకైన నచ్చటికి పోవలయును.

నాలుగవ మాట యాత్రికులెవ్వరును పోని చోటును గూర్చినది. కోఠీ, సుల్తానుబజారు ప్రాంతమునకు గుడ్డలు కొనుటకు మాత్రమే వచ్చెదరు. అచ్చటి రెసిడెన్సీ భవనము 19వ శతాబ్దారంభమున కిర్క్‌ప్యాట్రికు అను బ్రిటిషు రెసిడెంటు కాలమున నిర్మింపబడినది. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్‌ఖానును, మౌల్వీ అల్లావుద్దీనును జనసమూహమును నడిపించుకొని వచ్చి యా భవనముపై దాడి చేసిరి. తుర్రెబాజ్‌ఖాను 1859లో హతుడయ్యెను. మౌల్వీ అండమానునందు ప్రవాసమున మరణించెను. ఢిల్లీ, మీరట్టు, ఝాన్సీ పేర్లు కంఠస్థము చేసిన మన బాలురకు ఈ పేర్లు తెలియవు. ఆ రెసిడెంటు సౌధమునందు పిమ్మట మహిళాకళాశాల వెలసినది. నేడది చాకలి ఐలమ్మ పేర వెలుగుచున్న మహిళా విశ్వవిద్యాలయము. భూమికై దొరలకు నెదురునిలిచిన యొక రజకవనిత పేరు, దొరలకు దొరగ కూర్చున్నవాని గుమ్మమునకు తగులుకొన్నది. కాలముచేయు న్యాయ మిట్లుండును.

ఆ చెంతనే 1901 సెప్టెంబరు 1వ తేదీన నెలకొల్పబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము గలదు. నిజాం రాష్ట్రమున తెలుగు చదువునకు తావులేని దినములలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగార్లు వెలిగించిన దీపమది. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున నుపన్యసింపబోగా కేకలు వేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మఱి కొన్నియేండ్లకు, తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు సమాధానముగ, గోలకొండ పత్రికాధిపతి సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. చదువుకొన్న కుటుంబము ఈ నగరమునకు వచ్చి ఆ గ్రంథాలయపు గడప నొక్కసారి త్రొక్కకపోవుట మాకు చింతాకరముగ నున్నది.

ఇందుండియే భాషను గూర్చిన మాట వచ్చుచున్నది. అతిథులారా, ఇచ్చటి పలుకుబడిని విని నవ్వకుడు. ఇచ్చటి తెలుగులో ఉర్దూ, మరాఠీ, కన్నడము కలసినవి. ఇచ్చటి ఉర్దూలో తెలుగు కలసినది. “హౌ”, “నక్కో” యను రెండు మాటలతో దక్కనీవాడు ప్రపంచ వ్యవహారమంతయు నడుపగలడు. “పర్సోం” అని యతడనిన మొన్న యని యర్థము చేసికొని మోసపోకుడు. గత సంవత్సరమైనను అతనికి పర్సోమే. “ఐదు నిమిషములలో వచ్చెద” నన్నవాని కొఱకు అరగంట వేచియుండుటకు సిద్ధపడుడు. దారి యడిగినచో తెలియదని యెవ్వడును చెప్పడు. తెలియకున్నను చెప్పును, వెంట వచ్చి చూపినను చూపును. కావున నొకరినికాక యిద్దఱ నడుగుట క్షేమము. ఇవి హాస్యములు. కాని యొక మనుజుని మాతృభాషను వెక్కిరించుట హాస్యము కాదు. యాసను గేలిచేసిన నోళ్లు ఒక రాష్ట్రమును రెండుగ చేయుటలో నెంత పాలు పంచుకొన్నవో పెద్దలు విచారింపవలయును.

తరువాత భోజనము. దమ్ముబిర్యానీ కీర్తి లోకమంతయు నెఱుగును; దాని గూర్చి మేము చెప్పవలసినది లేదు. రంజాను మాసమున వచ్చువారు గోధుమ, మాంసము గంటలతరబడి ఉడికించి మెదిపి నేయి పోసి యిచ్చు హలీమును రుచి చూడవచ్చును. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. శాకాహారులకు ఈ నగరమున చోటు లేదనుట యపోహ. బగారా బైంగను, మిర్చీకా సాలను, బాదామీరంగు ఖుబానీకా మీఠా వారి కొఱకును గలవు. ఇరానీ హోటలులో డికాక్షను నొకచో, పాలు నొకచో మరిగించి కలిపి యిచ్చు చాయను, ఉస్మానియా బిస్కత్తును ముందుంచుకొని అరగంట కూర్చుండుడు. పేరు, కులము, మతము నడుగక ఒకే బల్లచుట్టు నలుగురపరిచితులను కూర్చుండబెట్టునట్టి యా హోటళ్లు యేటేట తగ్గిపోవుచున్నవి.

కొనుగోలు విషయమున నొక్కటే మనవి. లాడ్‌బజారున లక్కగాజులకు బేరమాడుడు, అది సంతధర్మము. కాని బేరమునకు ముందు ఆ గాజు నెట్లు చేయుదురో పోయి చూడుడు. నిప్పులసెగమీద లక్కను కరిగించి, సాగదీసి, వలయముగ చుట్టి, వేడి ఆరకముందే గాజుపూసల నొక్కటొక్కటిగ చేతితో పొదుగుదురు. వేళ్లు కాలినవారే యా పని చేయగలరు. 2024లో ఈ గాజులకును భౌగోళిక గుర్తింపు వచ్చినది. అయినను యంత్రపుగాజులు, అద్దకపుసరకు వచ్చి పనివారి కూడు తీయుచున్నవి. చేతిపనిని గుర్తించి నాలుగు రూపాయ లెక్కువ యిచ్చుట దానము కాదు, స్వదేశీధర్మము. ముత్యములు కొనువారు మాత్రము రసీదు లేక కొనకుడు.

పాతనగరమనగానే భయపడువారు గలరు. దాని గూర్చి మేము నిష్కపటముగ చెప్పెదము. ఈ నగరమున మతకలహములు జరిగినవి. కర్ఫ్యూ దినములను మేము చూచితిమి. 2007 మే 18వ తేదీన మక్కామసీదులో ప్రార్థించువారి నడుమ బాంబు ప్రేలినది. ఆ యేటనే ఆగస్టు 25వ తేదీన కోఠీయందును లుంబినీవనమునందును ప్రేలినవి. ఈ సత్యములను దాచుట యవివేకము. కాని ప్రేలుళ్ల మఱునాడు అంగళ్లు తెఱచుకొన్నవి యనునదియు సత్యమే. ఆషాఢమున లాల్‌దర్వాజా సింహవాహినీదేవికి బోనము లెత్తు వీధులకు దాపుననే మొహరము నాడు బీబీకా ఆలము ఏనుగుపై నూరేగును. ఈ కలిసియుండుట యొకరు చేసిన శాసనమువలన వచ్చినది కాదు. నాలుగువందల యేండ్లుగ ఒకే బావినీరు త్రాగుటవలన వచ్చినది. కావున భయముతో గొంతు తగ్గించుకొని నడువవలదు, గర్వముతో గొంతు పెంచుకొని నడువవలదు. మసీదునందును గుడియందును తగిన వస్త్రములు ధరింపుడు, చెప్పులు విడువుడు, ప్రార్థించువారి ముఖముమీదకు చిత్రయంత్రము నెత్తకుడు. విలాపమున ఎదలు కొట్టుకొనువారు మీ వినోదమునకై కొట్టుకొనుటలేదు.

కడపట మిక్కిలి ముఖ్యమైన మాట. గోలకొండ గోడలపై పేర్లు చెక్కినవారు బయటి దేశములవారు కారు; ఆ లిపి తెలుగు. రక్షిత కట్టడమునకు హాని చేసినవారికి రెండేండ్ల వఱకు కారాగారము, లక్షరూపాయల వఱకు జుల్మానా, లేక రెండును విధించు చట్టము మన దేశమున గలదు. అయినను చట్టముకంటె సిగ్గు బలవత్తరము కావలయును. 2019లో ఇఱ్ఱంమంజిలు సౌధమును పడగొట్టి శాసనసభాభవనము కట్టుటకు చేసిన నిర్ణయమును హైకోర్టువారు కొట్టివేసిరి. ఆ సౌధము నిలిచినది కొందఱు పౌరులు న్యాయస్థానమునకు పోయినందున. ఉస్మానియా ఆసుపత్రి పాతభవనమో, 2020లో నీరు చొచ్చి రోగులను ఖాళీచేయవలసివచ్చినది. చూచువారు లేని కట్టడమును కూల్చుట సులభము. వేలమంది శ్రద్ధతో చూచుచున్న కట్టడమును తాకుటకు ఏ ప్రభుత్వమైనను జంకును. ఇందుచేతనే అతిథుల నడవడిపై నగరక్షేమము కొంత యాధారపడియున్నదని మేము మొదట చెప్పియుంటిమి. మీ చూపే మా నగరమునకు కాపు.

కావున సోదరులారా, మీ బిడ్డలను తీసికొని రండు. అంగడివస్తువులకంటె ముందు నదిని చూపుడు. గోపురములకంటె ముందు మార్గములను చూపుడు. కోటలో రాజులను గూర్చి చెప్పునపుడు కవులను గూర్చియు, బందీలను గూర్చియు చెప్పుడు. కోఠీలో గుడ్డలు కొన్న పిమ్మట నొక గ్రంథాలయపు మెట్లెక్కింపుడు. ఇట్లు రెండు దినములు గడపిన బాలుడు పెద్దవాడై యే పదవియందున్నను ఈ నగరమున నొక పాతగోడను కూలద్రోయుటకు సంతకము చేయునపుడు కలము నొక్క క్షణమాపును. ఆ క్షణమే మేము మీనుండి కోరు కానుక.